వదిన కన్నీళ్ళు ప్రార్థనాంశమైన రోజు

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి రాశారు. నోటుబుక్కులోంచి చింపిన ఆరు కాగితాలకు రెండు వైపులా రాసిన ఉత్తరం. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఆమె అనుమతితోనే ఇక్కడ కుదించి చెబుతున్నాను. ఆమెనూ, ఉత్తరంలో ఉన్న మరొక ఆవిడనూ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఈ సోదరికి నలభై దాటాయి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతారు. పై వాటాలో ఉంటారు. కింది వాటాలో ఉండే ఆవిడతో తొమ్మిదేళ్ళ స్నేహం, వదినా అని పిలుచుకుంటారు. వదిన వాళ్ళు హిందువులు. సంక్రాంతికి అరిసెలు పైకి వస్తాయి, క్రిస్మస్‌కి కేకు కిందికి వెళ్తుంది. ఈ సోదరి, సంఘంలోని మరో ఇద్దరు స్త్రీలు కలిసి రెండేళ్ళుగా మంగళవారం మధ్యాహ్నాలు ప్రార్థన చేసుకుంటున్నారు. తలా ముగ్గురు పరిచయస్తుల పేర్లు రాసుకుని, వాళ్ళకు సువార్త చెప్పే అవకాశం రావాలని అడుగుతున్నారు. ఈ సోదరి చీటీలో మొదటి పేరు వదినదే.

మూడు నెలల కిందట వదిన మిషను పక్కన కూర్చుని ఏడ్చిందట. కొడుకు ఫోన్లో బెట్టింగుకు అలవాటుపడి అప్పులు చేశాడు. అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తారన్న భయంతో ఆవిడ తన గాజులు తాకట్టు పెట్టింది. భర్తకు తెలియదు. "నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు" అంది. ఆ మంగళవారం ఈ సోదరి మిగతా ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పి ప్రార్థన చేయించారు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ తట్టుకోలేక గురువారం స్త్రీల కూటంలో ప్రార్థన మనవిగా పెట్టారు. అక్కణ్ణుంచి అది వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. పదిహేను రోజుల తర్వాత రైతుబజారులో కూటానికి వచ్చే ఒక పెద్దావిడ వదిన చెయ్యి పట్టుకుని, "మీ బాబు కోసం అందరం ప్రార్థన చేస్తున్నామమ్మా, గాజులు కూడా తిరిగొస్తాయి" అన్నారు. పక్కన వదిన తోటికోడలు ఉంది. సాయంత్రానికి భర్తకు తెలిసిపోయింది.

వదిన పైకి వచ్చి, ఇంకా కత్తిరించని మూడు జాకెట్ ముక్కలు తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా దిగిపోయింది. కుట్టడం అయిపోయి హుక్కులు మాత్రం మిగిలిన ఆకుపచ్చ జాకెట్ ఇంకా మిషను మీదే ఉంది. ఇటు ఈ సోదరి భర్త "ప్రార్థన ఇంట్లో చేసుకో చాలు, ఈ రోజుల్లో లేనిపోని గొడవలెందుకు" అంటున్నారు. అటు పాస్టరమ్మ గారు ఆదివారం ఆదివారం "ఈ వారం ఎంతమందికి సువార్త చెప్పారు?" అని చేతులెత్తిస్తున్నారు. ఈమె అడిగినవి ఇవి: నేను చేసింది పాపమా? కూటం మానెయ్యాలా? వదిన దగ్గరికి వెళ్తే ఏమని చెప్పాలి? రెండేళ్ళు ప్రార్థన చేసి కూడా ఆవిడతో యేసయ్య గురించి ఒక్క మాట చెప్పలేకపోయాను, ఇంక నాకు చెప్పే అర్హత ఉందా?

ప్రియమైన చెల్లీ, వందనాలు.

మీ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ మీద కోపంతో కాదు. ఇలాంటి తప్పు నేనూ చేశాను గనక.

ఇరవై ఏళ్ళ కిందట మా వీధిలో గృహకూటం పెట్టుకున్నాం. అప్పుడు కొత్తగా మైకు తెచ్చారు. నా వంతు వచ్చినప్పుడు, మా పక్కింటావిడ పేరు చెప్పి, ఆమె భర్త తాగుడు మానాలని, ఆమెను కొట్టడం మానాలని కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వాళ్ళ వంటగది కిటికీ. ఆమె గిన్నె తోముతూ చేతులు అలాగే ఆపి నా వైపు చూస్తోంది. ఆ చూపు నేను ఈనాటికీ మర్చిపోలేదు. నేను దేవుడికి చెప్పాననుకున్నాను. ఆమె దృష్టిలో నేను వీధికి చెప్పాను. రెండూ నిజమే. అందుకే మీకు సమాధానం రాయడానికి ధైర్యం చేస్తున్నాను.

మీ మొదటి ప్రశ్నను రెండుగా విడదీయాలి. వదిన కోసం ప్రార్థన చేయడం ఒకటి. వదిన మీకు చెప్పుకున్న సంగతి ఇంకొకరికి చెప్పడం ఇంకొకటి. మొదటిదానిలో తప్పేమీ లేదు. తనవాళ్ళ రక్షణ కోసం దేవునికి ప్రార్థన చేస్తున్నానని పౌలే రోమా సంఘానికి రాశాడు. ఒక మనిషి మేలు కోరి, తలుపు వేసుకుని, తండ్రితో ఆ మనిషి పేరు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ గాజుల సంగతి మీది కాదు చెల్లీ. అది ఆవిడ సొత్తు. మీ దగ్గర దాచుకుంది, అంతే. ఆవిడ తన గాజులే మీ బీరువాలో దాచుకుని ఉంటే, ప్రార్థన చేయించడానికని మీరు వాటిని కూటానికి పట్టుకెళ్ళేవారా? ఇదీ అలాంటిదే. మీ స్నేహితురాలు గురువారం చెప్పడం రెండో తప్పు, గ్రూపులో పెట్టడం మూడోది, బజారులో మాట నాలుగోది. మొదటిది మాత్రం మంగళవారం మధ్యాహ్నం మీ నోటి నుంచి వచ్చింది. మిమ్మల్ని నొప్పించాలని కాదు, ఇక్కడ తేల్చుకోకపోతే క్షమాపణ అడిగేటప్పుడు నేరం ఆ పెద్దావిడ మీదికి జారిపోతుందని చెబుతున్నాను.

అసలు కలిసి ప్రార్థన చేసేటప్పుడు మనం ఏమి అడగాలన్నది ఒక్కసారి చూడండి. పౌలు సంకెళ్ళలో ఉండి కొలొస్సయులకు రాసిన చివరి అధ్యాయం తెరవండి. మా కోసం ప్రార్థించండి అంటాడు. వాక్యానికి తలుపు తెరవబడాలని, తాను చెప్పవలసిన విధంగా స్పష్టంగా చెప్పగలగాలని అడగమంటాడు. ఫలానా వాడి ఇంట్లో ఫలానా సమస్య ఉంది, దాని కోసం ప్రార్థించండి అనలేదు. ఆ వెంటనే సంఘానికి వెలుపలివారి పట్ల జ్ఞానం కలిగి నడుచుకోమని, మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని చెప్పాడు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో పేతురు, యోహాను బెదిరింపులు ఎదుర్కొని తిరిగి వచ్చాక అందరూ కలిసి అడిగింది కూడా తమకు ధైర్యం కావాలనే. యేసు ప్రభువు కోత విస్తారంగా ఉందని చూపించి అడగమన్నది పనివారి కోసం. చూశారా, ప్రార్థన బరువంతా వెళ్ళేవాళ్ళ మీద ఉంది. మన కూటాల్లో ఆ బరువు మెల్లగా ఎదుటివాళ్ళ ఇళ్ళ మీదికి జరిగిపోయింది. మీ ముగ్గురి చీటీల్లో కలిపి తొమ్మిది పేర్లు ఉన్నాయి, మీ ముగ్గురి పేర్లు లేవు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే.

ముగ్గురు కూడి తలా ముగ్గురి కోసం ప్రార్థించే పద్ధతి మంచిది. 1984లో ఇంగ్లండులో అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం సభలకు ముందు వేలాదిమంది ఇలాగే ముగ్గురేసి కూర్చుని ప్రార్థించారు. ముగ్గురే ఉండడంలో గొప్ప మేలు ఉంది, మాట బయటికి పోదు, ఒకరు నీరసపడితే ఇద్దరు నిలబెడతారు. కానీ ముగ్గురి మధ్య చెప్పింది ముప్ఫైమంది కూటానికి వెళ్ళిన రోజున ఆ మేలు పోతుంది.

ఇక వదిన దగ్గరికి వెళ్ళడం. మీ ముందు రెండు మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, కొన్నాళ్ళు ఆగి, ఆవిడ కోపం చల్లారాక మామూలుగా పలకరించడం. మీ భర్త సలహా ఇదేనని రాశారు. దీనివల్ల గొడవ పెరగదు, పైకీ కిందికీ రాకపోకలు కూడా ఏదో రోజు మొదలవుతాయి. కానీ ఆ తొమ్మిదేళ్ళ చనువు తిరిగి రాదు. "వీళ్ళు ప్రార్థన పేరుతో ఇంటి గుట్టు లాగుతారు" అన్న మాట ఆవిడ మనసులో అలాగే ఉండిపోతుంది. రేపు మీరు దేవుని ప్రేమ గురించి ఎంత బాగా చెప్పినా ఆ మాటే అడ్డొస్తుంది.

రెండోది, పాస్టరమ్మ గారినో, బజారులో మాట్లాడిన పెద్దావిడనో వెంటబెట్టుకుని వెళ్ళడం. దయచేసి ఇది వద్దు. నలుగురు గుమ్మంలో నిలబడితే ఆవిడకు అది ఇంకో కూటంలా ఉంటుంది. మళ్ళీ వీధి చూస్తుంది.

మూడోది మీరొక్కరే వెళ్ళడం. నాకైతే ఇదే సరైనదనిపిస్తుంది. ఆవిడ భర్త ఇంట్లో లేని వేళ చూసి వెళ్ళండి. మాట చిన్నదిగా ఉండాలి. "వదినా, నువ్వు నన్ను నమ్మి చెప్పిన మాట నేను ఇంకొకరికి చెప్పాను. తప్పు నాది. దానివల్ల నీ ఇంట్లో గొడవ వచ్చింది. నన్ను క్షమించు." ఇంతే. "ప్రార్థన కోసమే చెప్పాను" అన్న వాక్యం నాలుక చివరిదాకా వస్తుంది, ఆపుకోండి. అది నిజమే అయినా ఆ క్షణంలో సాకులాగే వినిపిస్తుంది. పైగా ప్రార్థన అనే మాటే ఆవిడకు చేదవుతుంది. ఆవిడే "ఎందుకు చెప్పావు?" అని అడిగితే అప్పుడు చెప్పండి. తిడితే వినండి. తలుపు తీయకపోతే వచ్చేయండి, వారం పోయాక ఇంకొక్కసారి వెళ్ళండి. అప్పటికీ తీయకపోతే ఇక తట్టకండి. మెట్ల మీద ఎదురైనప్పుడు తప్పుకుని పోకుండా పలకరించండి, జవాబు రాకపోయినా సరే.

ఆ ఆకుపచ్చ జాకెట్ గురించి రాశారు, దాన్ని పట్టుకుని వెళ్ళనా అని. క్షమాపణకు వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టుకోకండి, దాని కోసం వచ్చినట్టు ఉంటుంది. హుక్కులు వేసి, కాజాలు సరిచూసి, ఇస్త్రీ చేసి ఉంచండి. తర్వాత వేరే రోజు ఇవ్వండి. డబ్బు ఇస్తే ఎప్పుడూ తీసుకునేంత తీసుకోండి. ఊరికే ఇస్తే తప్పుకు పరిహారం కట్టినట్టు అవుతుంది, ఆవిడకు చిన్నతనంగా ఉంటుంది.

ఇంకొక సంగతి, ఇది వెంటనే చూడాల్సింది. గాజుల విషయం తెలిశాక ఆ ఇంట్లో గొడవ ఎంతదాకా వెళ్ళిందో మీరు రాయలేదు. చెయ్యి చేసుకునేదాకా పోతే ఆవిడకు ఇప్పుడు కావలసింది మన ప్రార్థన కూటం కాదు, పక్కన నిలబడే మనిషి. స్త్రీల సహాయానికి 181 నంబరు ఉంది. మీ తలుపు ఏ రాత్రయినా తెరిచే ఉంటుందని ఆవిడకు తెలియాలి.

కూటం మానెయ్యాలా అన్నదానికి నా జవాబు ఇది. మానేస్తే మీ మనసుకు కొంత శాంతిగా ఉంటుంది. కానీ రేపు ఇంకో ఇంటి గుట్టు అదే గ్రూపులో పడుతుంది, ఆపేవాళ్ళు ఉండరు. ఏమీ జరగనట్టు వెళ్తూ ఉంటే మీరూ అలవాటుపడిపోతారు. వెళ్ళి మార్చడం కష్టమే, ముఖ్యంగా మీరే తప్పు చేసినప్పుడు. కానీ అందుకే మీ మాట వింటారని నా నమ్మకం. ముందు మీ ఇద్దరు స్నేహితురాళ్ళతో కూర్చోండి. గురువారం చెప్పిన ఆవిడను నలుగురిలో నిలదీయకండి, ఆమెదీ ప్రేమే. గ్రూపులో ఆ మెసేజ్ ఇంకా ఉంటే అడ్మిన్ గారికి చెప్పి తీయించండి. అప్పటికే ఎవరైనా వేరే చోటికి పంపి ఉంటే వెనక్కి రాదు, అయినా తీయించండి. ఆ ఫోన్లు పిల్లల చేతుల్లో కూడా ఉంటాయి. ఇకమీదట సంఘం బయటివాళ్ళ పేర్లు, ఇంటి సంగతులు గ్రూపులో రాయకూడదని ఒక మాట అనుకోండి. "ఒక సోదరి కుటుంబం" అంటే చాలు. ఎవరి కుటుంబమో దేవుడికి తెలుసు.

ఎవరైనా కష్టం చెప్పుకుంటే అక్కడికక్కడే అడగొచ్చు, "నీ బాబు కోసం దేవుణ్ణి అడగనా వదినా?" అని. మన ఊళ్ళలో చాలామంది కాదనరు. "మీ దేవుడికి కూడా చెప్పమ్మా" అని వాళ్ళే అంటారు. "నా స్నేహితురాళ్ళు ఇద్దరు కూడా ప్రార్థన చేస్తారు, వాళ్ళకు చెప్పనా?" అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగా అడగాలి. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మాత్రం ఆ ప్రార్థనే సగం సువార్త అవుతుంది, ఎందుకంటే తన కొడుకు పేరు ప్రేమగా పలికే ఇంకో ఇద్దరు ఉన్నారని ఆవిడకు తెలుస్తుంది.

పాస్టరమ్మ గారి లెక్క విషయం. ఆమెది మంచి తపన అని మీరే రాశారు. కానీ చేతులెత్తించడంవల్ల మీకు టెన్షన్ పెరుగుతోంది, ఆ టెన్షన్‌లో వదిన ఒక లెక్కగా మారే ప్రమాదం ఉంది. ఆమెతో విడిగా మాట్లాడండి. మీ జిల్లా చరిత్రే ఆమెకు గుర్తుచేయండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే పేర్లుగల ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు మోకరించారు. ఒంగోలుకు ఒక పనివాణ్ణి పంపమని అడిగారు. ఆ పనివాడిగా వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ తర్వాత 1876–78 కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడుగుతుంటే, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆపేశారు. సాయం ఆగిన తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక అంకె కోసం ఆశపడకుండా ఆగిన నెలలు ఉన్నాయి, అవి ఎవరూ చెప్పరు. పాస్టరమ్మ గారు "ఎంతమందికి చెప్పారు" అని అడిగే చోట "ఈ వారం ఎక్కడ భయపడ్డారు, దేని కోసం ప్రార్థించమంటారు" అని అడిగితే ఆ కూటమే మారుతుంది.

కరువు సంగతి ఇంకో కారణానికి కూడా చెప్పాను. వదిన ఇప్పుడు కష్టంలో ఉంది. "యేసయ్యను నమ్ముకో, గాజులు విడిపిస్తాడు, బాబు మారతాడు" అనడం తేలిక. అలా అనకండి. ఆ మాట నెరవేరకపోతే ఆవిడ కోల్పోయేది గాజులొక్కటే కాదు.

మీ భర్త భయాన్ని కొట్టిపారేయకండి. ఆయన చెప్పే గొడవలు నిజంగానే జరుగుతున్నాయి. మన విశ్వాసం గురించి శాంతంగా చెప్పుకునే హక్కు రాజ్యాంగంలో 25వ అధికరణ ఇచ్చింది. దాన్ని బట్టి ఎదుటివాళ్ళ మతం మార్చే హక్కు రాదని సుప్రీం కోర్టు 1977లో చెప్పింది. మనకు ఇందులో ఇబ్బంది ఉండకూడదు, మనసు మార్చేది మనం కాదని మనమే నమ్ముతాం కదా. ఆయనతో ఈ మాట చెప్పండి. వదినతో జరిగిందంతా కూడా చెప్పండి. సగం దాచి రాశారేమో అనిపించింది నాకు.

ఇక మీ చివరి ప్రశ్న. రెండేళ్ళు ప్రార్థించారు, ఒక్క మాట చెప్పలేదు. నిజం చెప్పాలంటే ప్రార్థన కొంత దాక్కునే చోటు కూడా అయింది. "తలుపు తెరువు ప్రభూ" అని మంగళవారం అడుగుతూ, తొమ్మిదేళ్ళుగా తెరిచే ఉన్న తలుపు ముందు మీరు నిలబడ్డారు. భయం ఒక కారణం. ఇంకో కారణం మీ ఉత్తరంలోనే కనిపించింది. "వదినకు రక్షణ సువార్త ప్రకటించి మారుమనస్సు పొందేలా చేయాలి" అని రాశారు. ఆ భాషలో ఆవిడతో ఎలా మాట్లాడతారు? అది పుల్పిట్ భాష. మిషను పక్కన కూర్చుని పలికే భాష కాదు. మీ ముగ్గురూ ఒక మంగళవారం ఈ పని చేసి చూడండి. యేసు మీ బతుకులో ఏం చేశాడో ఒకరికొకరు మూడు నిమిషాల్లో చెప్పుకోండి. రక్షణ, అభిషేకం, సాక్ష్యం, ఆశీర్వాదం, ఈ మాటలేవీ వాడకూడదు. మేము చేసి చూశాం. మొదటిసారి ఒకావిడ నాలుగు వాక్యాల తర్వాత ఆగిపోయి ఏడ్చింది, "ఇన్నేళ్ళూ నేను మాటలు మోశాను" అని. రెండో వారం ఆమె చెప్పింది వింటే, పక్కింటివాళ్ళు కూడా ఆగి వింటారనిపించింది.

అర్హత గురించి దిగులుపడకండి. క్షమాపణ అడిగిన మనిషికి క్షమించే దేవుడి గురించి చెప్పే అర్హత ఉంటుంది. కానీ ఇప్పుడే కాదు. వదిన మళ్ళీ తనంతట తాను మీ మిషను పక్కన కూర్చునేదాకా ఆగండి. నెలలు పట్టొచ్చు. అసలు కూర్చోకపోవచ్చు. అప్పుడు ఆవిడకు దేవుని మాట ఇంకెవరి నోటనో వినపడాలని అడుగుదాం.

ఈ గురువారం వెళ్ళనా మాననా అని ఉత్తరం చివర పెన్సిల్‌తో రాసి కొట్టేశారు. వెళ్ళండి. ప్రార్థన మనవులు అడిగినప్పుడు వదిన పేరు ఎత్తకండి. మీ పేరు చెప్పండి. "నేను ఒకరి నమ్మకం పోగొట్టాను. వెళ్ళి తప్పు ఒప్పుకోవాలి, భయంగా ఉంది, నా కోసం ప్రార్థించండి" అనండి. ఎవరు, ఏమిటి అని అడుగుతారు. చెప్పకండి. తర్వాత మీరు గుమ్మం దిగి ఇంటికి నడిచేటప్పుడు, మీ ఇద్దరు స్నేహితురాళ్ళను ఫోన్లు చేయకుండా మోకాళ్ళ మీదే ఉండమనండి, మీరు కింది వాటా తలుపు తట్టి వచ్చేదాకా.